ఇబ్రాలో బాపుకు విస్తరి

చనిపోయి నాలుగేళ్ళైన మా నాయన వరుసగా మూడు రోజులు మా అవ్వ, అంటే మా అమ్మ, కలలోకి వచ్చి ఆకలవుతోందని చెప్పాడట. నాకు చెప్పలేదు. నాకు చెబితే ఏదో ఒకటి తినిపించి గుట్టుగా పంపేసేవాణ్ణి. మా అవ్వకు చెప్పాడు కాబట్టి అది ఊరంతటి లొల్లి అయింది.

పెత్తరమాసకు రెండు రోజుల ముందు ఆమె ఫోన్ వచ్చింది. పెత్తరమాస అంటే మా వైపు చనిపోయిన పెద్దలకు వండిపెట్టే అమావాస్య. నేనప్పుడు ఇక్కడ ఒమాన్‌లోని ఇబ్రాలో, సైట్‌లో షట్టరింగ్ చెక్కల మీద నిలబడి ఉన్నాను. కింద సిమెంటు లారీ ఎదురుచూస్తోంది. ఇలాంటి వేళ చూసుకుని ఫోన్ చేయడంలో మా అవ్వ శాంతవ్వను మించినవాళ్ళు జగిత్యాల జిల్లాలోనే లేరు.

"డ్యూటీల ఉన్న అవ్వా, తర్వాత మాట్లాడుత."

"తర్వాత లేదు గిర్వాత లేదు. మీ బాపు మల్లచ్చిండురా. కంచం ముంగటేసుకొని కూసున్నడు. ఆకలైతుందే శాంతా అంటడు. ఇంకో ముచ్చట లేదు."

"యేటా పెడుతనే ఉన్నవ్ కదా."

"పెడుతలేనా మరి? కిలో బోటి తెచ్చి, పేగులు మూడు నీళ్ళు పోసి కడిగి, గారెలు, బెల్లమన్నం, అన్నీ పెడుతున్న. అయినా ఆకలంటడు. ఎందుకంటడో నాకు సమజైంది. ఆయన ఈడ లేడురా. ఇరవై నాలుగేండ్లు ఆ ఇబ్రాలనే ఉన్నడు, సచ్చినంక గూడ ఆడికే పోయిండు. నేనీడ పెడితె ఆడెట్ల ముడుతది? ఈసారి నువ్వు పెట్టాలె. ఆడ ఆయనకు ఏది పానమో అదే వండిపెట్టు."

"సరే సరే, పెడుత."

"నీ సరే నాకెరుకే. పెత్తరమాస నాడు నువ్వు పెట్టి ఫోన్ చేసేదాంక నేను ముద్ద ముట్ట. ఇను, ఒట్టు."

ఒట్టు అనగానే నా ఒళ్ళు మండింది. ఆమె షుగర్ మనిషి. పొద్దున పది దాటితే కళ్ళు తిరుగుతాయి. వెనక నుంచి నా భార్య వాణి, "నిజంగనే తినదు, నేను చెప్తె వినదు, నువ్వే చూసుకో" అని అరిచింది. అత్తాకోడళ్ళు ఏకమై నా మీద పడ్డారంటే ఇక నేను తప్పించుకున్నట్టే.

నా కోపం అవ్వ మీద మాత్రమే కాదు. బాపు మీద కూడా. నాకు మూడేళ్ళప్పుడు ఆయన ఒమాన్ వచ్చాడు. రెండేళ్ళకొకసారి రెండు నెలలు ఇంటికి వచ్చేవాడు. మొత్తం కలిపితే ఆయన మాతో ఉన్నది రెండేళ్ళు. వీసా క్యాన్సిల్ చేసుకుని పూర్తిగా ఇంటికి వచ్చిన ఆరు నెలలకే గుండె ఆగి పోయాడు. ఆ తర్వాత అదే కంపెనీలో, అదే ఇబ్రాలో నాకు పని దొరికింది. వచ్చి మూడేళ్ళైనా ఆయన ఎక్కడ ఉండేవాడో, ఏం చేసేవాడో నేను ఒక్కరినీ అడగలేదు. మనతో లేని మనిషి గురించి మనకెందుకు అనుకున్నాను.

సెలవు కోసం ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళాను. పెత్తరమాస శనివారం పడింది, మా కంపెనీకి శుక్రవారమే సెలవు. మా బాపు కోసం ఒక పూట కావాలని చెప్పాను. ఫోర్‌మన్ కేరళ మనిషి, బాపును కూడా ఎరిగినవాడు.

"మీ నాన్న పోయాడు కదా. మళ్ళీ పోయాడా?" అన్నాడు హిందీలో.

"పోలేదు సార్. వస్తున్నాడు, భోజనానికి."

ఆయన నా కళ్ళలోకి చూశాడు, నుదురు మీద చెయ్యి పెట్టి చూశాడు, ఎండదెబ్బ అనుకున్నాడో ఏమో శనివారం పదింటి నుంచి సెలవు ఇచ్చాడు. నీళ్ళు బాగా తాగమని కూడా చెప్పాడు.

రూమ్‌కు వచ్చి లింబాద్రికి సంగతి చెప్పాను. లింబాద్రి డ్యూటీ ప్లంబర్, కానీ మా రూమ్‌లో ఎనిమిది మందికి పంతులు వాడే. ఏ పండుగకు ఏం చేయాలో, ఏ దిక్కు కూర్చోవాలో వాడు చెప్పాలి, మేము వినాలి. వాడు మంచం మీద బాసింపట్టు వేసుకుని అడిగాడు.

"గంగన్న కాకకు ఏం ఇష్టముండెరా?"

"నాకేమెరుక?"

"నీ బాపే కదరా?"

ఫోర్‌మన్ చాయ్‌లో చక్కెర ఎన్ని చెంచాలో నాకు తెలుసు. లింబాద్రి నిద్రలో ఎవరి పేరు పలుకుతాడో తెలుసు. కన్నతండ్రి ఏం తినేవాడో ముప్పై ఒక్కేళ్ళొచ్చినా తెలియదు. సిగ్గేసింది, ఆ సిగ్గు కూడా కోపంగానే బయటికి వచ్చి లింబాద్రి దిండు తీసి వాడి మీదికే విసిరాను.

"నా మీద ఎందుకు విసురుతవ్? టైలర్ చాచాను అడుగు. గాయనకు తెల్వంది ఉండదు" అన్నాడు వాడు.

అదే నేను చేయకూడదనుకున్న పని. ఫజల్ చాచా కడప మనిషి. ఇబ్రా బజారులో అరబ్బులు తొడిగే పొడుగు చొక్కాలు, దిష్‌దాషాలు కుడతాడు, మా ప్యాంట్లు కురచ చేస్తాడు. నేను దుకాణంలో అడుగుపెట్టినప్పుడల్లా "మీ నాయన గంగన్న ఉన్యాడు సూడు" అని మొదలుపెట్టేవాడు. డ్యూటీకి టైమైందని చెప్పి నేను పారిపోయేవాణ్ణి. మూడేళ్ళుగా ఇదే వరస.

ఆ సాయంత్రం లింబాద్రిని వెంటబెట్టుకుని నేనే వెళ్ళి ఎదురుగా స్టూల్ మీద కూర్చునేసరికి ఆయన కుట్టు ఆపి కళ్ళద్దాల మీదుగా చూశాడు.

"ఏమబ్బీ, ఈ పొద్దు డ్యూటీ లేదా?"

"లేదు చాచా. మా బాపు ఏం తినేటోడు?"

ఆయన కత్తెర తీసి పక్కన పెట్టాడు, మిషన్ పెడల్ మీద నుంచి కాలు తీశాడు. "మూడేండ్లు పట్టింది నీకు ఆ మాట అడిగేదానికి" అన్నాడు. నేను కలల సంగతి, ఒట్టు సంగతి, కిలో బోటి సంగతి చెప్పాను. బోటి దగ్గరికి రాగానే ఆయనకు పొలమారింది.

"బోటీనా? గంగన్నకా? నీకు దండం పెడతా అబ్బీ. ఆ కూర పేరెత్తితేనే మొగం ఇట్ల తిప్పుకుంటాండె."

"ఇంట్ల గిన్నె ఊడ్చి తినేటోడు కదా. నేను చూసిన."

"మీ అమ్మ మూడు నీళ్ళు పోసి కడుగుతాదంట. రెండేండ్లకొకసారి పోయేవాణ్ణి, అంత కష్టపడి చేస్తే నాకొద్దని ఎట్ల చెప్పేది ఫజలూ, అన్యాడు నాతో. ఊపిరి బిగబట్టుకొని మింగి వచ్చాండె. ఇబ్రాకు వచ్చినాక నెల దినాలు మాంసం ముట్టేవాడు కాదు."

లింబాద్రి నవ్వు ఆపుకోలేక తలుపు అవతలికి వెళ్ళి నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. బతికున్నప్పుడు రెండేళ్ళకొకసారి తిన్నాడు. చనిపోయాక ప్రతి ఏడాదీ పెడుతున్నాం. ఆకలి కాక ఏమవుతుంది?

"మరి ఇక్కడ ఏం ఇష్టంగ తినేటోడు?"

"కోడిగుడ్డు టమాట కూర. ఖుబ్జ్ రొట్టె. ఎర్రగడ్డ అడ్డంగా కోసి పక్కన పెట్టుకుంటాండె. అంతే."

"పెద్దలకు గుడ్డు కూరనా?" అన్నాడు లింబాద్రి లోపలికి వస్తూ. పంతులుగా వాడికి అది నచ్చలేదు.

"పెద్దాయనకే కదా నాయనా, నీగ్గాదు" అన్నాడు ఫజల్ చాచా. తర్వాత నా వైపు తిరిగాడు. "యాడ తినేవాడో ఆడ పెడతారా, లేకపోతే మీ రూమ్‌లో ఏసీ కింద పెడతారా? శనివారం ఒంటిగంటకు దుకాణం మూసేస్తా. నేను సూపిస్తా, రాండి."

శనివారం పదిన్నరకల్లా మా రూమ్ వంటగది లింబాద్రి చేతిలోకి పోయింది. గుడ్డు కూర నేను చేశాను. గారెలు లేకుండా పెత్తరమాస ఏందిరా అని వాడు గారెలు వేశాడు. ఒకటి చెయ్యి జారి కింద పడితే టైల్స్ మీద టక్కుమంది. అరటాకు దొరకలేదు. క్యాంపు గేటు దగ్గరి బాదం చెట్టు ఆకులు కోసి, చీపురుపుల్లలు గుచ్చి విస్తరి కుట్టాడు. ఈ ఒక్క పనిలో మాత్రం వాడికి వంక పెట్టలేం. ఆకు మీద ఆకు పేర్చి గుండ్రంగా, చక్కగా కుట్టాడు.

ఈలోగా అవ్వ నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఇంకా పెట్టలేదని నాలుగుసార్లు చెప్పాను. "నాకేం కాదు, మెల్లగనే పెట్టు" అంది నాలుగోసారి, కానీ గొంతు సన్నబడింది. ఇక్కడ పన్నెండున్నర అంటే అక్కడ రెండు.

ఫజల్ చాచా కారులో పాత ఇబ్రాకు వెళ్ళాం. మా క్యాంపు మేడ ఎక్కితే కనిపించే ఊరే అది. మట్టి గోడలు, కూలిన మిద్దెలు, మధ్యలో ఖర్జూర చెట్లు. మావాళ్ళు దాన్ని ఖిల్లా అంటారు. అది ఖిల్లా కాదు, ఒకప్పుడు సముద్రం దాటి వ్యాపారం చేసిన షావుకార్ల వాడ. కారు దిగి సందుల్లోకి నడిచాం. నేను టిఫిన్ గిన్నె, లింబాద్రి విస్తరి, రొట్టెల సంచి, చాచా నీళ్ళ సీసా.

చెక్కిన తలుపులు పట్టుకుని నిలబడ్డ గోడలున్నాయి, వాటి వెనక ఇల్లు లేదు. ఒకచోట మెట్లు రెండంతస్తులు ఎక్కి ఆకాశంలోకి పోయాయి. లింబాద్రి నోరు తెరుచుకుని చూశాడు.

"ఇంతింత ఇండ్లు కట్టుకొని ఏడికి పోయిండ్రు చాచా వీళ్ళు?"

"యాడికీ పోలేదు. అదో, ఆ పక్కన కొత్తిండ్లు కట్టుకున్యారు. మట్టిగోడకు ఏసీ యాడ బిగిస్తావ్?"

ఫజల్ చాచా మాత్రం తన సొంత వీధిలో నడిచినట్టే నడిచాడు. ప్రతి మూలకూ ఒక గంగన్న కథ ఉంది ఆయన దగ్గర. ఈ మలుపులో మీ నాయన గాడిదతో గొడవపడినాడు, గాడిద దారియ్యకపోతే తెలుగులో అర్ధగంట తిట్టినాడు. ఈ కమాను కింద తాను పని చేసిన ఇంటి యజమాని మనవడికి ఒకటి రెండు మూడు నేర్పినాడు. ఈ గుంతలో పడి మోకాలు కొట్టుకున్యాడు, పెండ్లాంకి చెప్పొద్దన్యాడు.

వినేకొద్దీ నా కడుపు మండిపోయింది. గాడిదను తిట్టే బాపు నాకు తెలియదు. మా ఇంటికి వచ్చే బాపు సెంటు వాసనతో, కొత్త చొక్కాతో, అరుగు మీద మర్యాదగా కూర్చునే చుట్టం. ఈ కడప టైలర్‌కు ఆయన పదహారేళ్ళు రోజూ దొరికాడు. నాకు దొరికింది ముక్కలు ముక్కలుగా రెండేళ్ళు.

"ఇన్ని ముచ్చట్లు నీకు చెప్పిండు, మాకొక్కటన్న చెప్పలే" అన్నాను. మాట కటువుగానే వచ్చింది.

చాచా నొచ్చుకోలేదు. "నువ్వు నా దుకాణంలో రెండు నిమిషాలు కూసుంటివా మూడేండ్లలో?" అన్నాడు.

సందు చివర ఒక ఇల్లు బాగుచేసి ఉంది. మిగతావాటి మధ్య అది ఒక్కటే నిటారుగా, నున్నగా నిలబడి ఉంది. యజమాని తన తాతల ఇల్లు పడిపోకుండా చూసుకోవాలని పూనుకుంటే, బాపు మూడేళ్ళు అక్కడ మట్టిపని చేశాడట. చాచా గోడ మీద అరచేత్తో తట్టి, "ఇది మీ నాయన చెయ్యి" అన్నాడు. నేను దగ్గరికి వెళ్ళి ఒక కన్ను మూసి గోడ వెంబడి చూశాను. ఎక్కడా ఉబ్బు లేదు, వంకర లేదు. ఎంత కోపంలో ఉన్నా పనివాడిగా అది ఒప్పుకోవాలి.

ఆ గోడ పక్కనే కమాను, దాని కింద నీడ. మూడేళ్ళు మధ్యాహ్నం అక్కడే తిన్నాడట. లింబాద్రి నీళ్ళు చిలకరించి విస్తరి పరిచాడు. ఖుబ్జ్, గుడ్డు కూర, అడ్డంగా కోసిన ఉల్లిగడ్డ, పక్కన తన గారెలు పెట్టించాడు. నా చేత దండం పెట్టించి, "బాపూ, నీకే పెట్టిన, తిను" అనిపించాడు. వెంటనే నా రెక్క పట్టుకుని లేపాడు.

"ఇగ జరుగుండ్రి. పెద్దలు తినేటప్పుడు మనం చూడద్దు."

మా వైపు ఆచారం అదే. ఇంట్లో అయితే లోపలి అర్రలో విస్తరి పెట్టి, తలుపు దగ్గరగా వేసి, అందరూ బయట కూర్చుంటారు. పెద్దలు వచ్చి తిన్నాక తలుపు తీస్తారు. ఇక్కడ తలుపు లేదు కాబట్టి వాడ చుట్టూ ఒక చుట్టు తిరిగి రావాలని లింబాద్రి తేల్చాడు. చాచా ఏదో అనబోయి ఊరుకుని మా వెంట నడిచాడు.

పది నిమిషాల తర్వాత వచ్చి చూసేసరికి బాపు విస్తరి దగ్గర మేక ఉంది. నల్లది, చెవులు పొడుగు. గారెలు అయిపోయాయి. బాదం ఆకుల విస్తరి సగం దాని నోట్లో ఉంది, చీపురుపుల్లతో సహా నములుతోంది. నేను చెప్పు తీసి విసిరాను. అది మేకకు తగలలేదు, గోడకు తగిలింది.

"కొట్టకురా," అంటూ లింబాద్రి అడ్డం వచ్చి మేకకు చేతులు జోడించాడు. "ఏ రూపంల అచ్చిండో ఏమో."

"ఆ గారె తిన్నదంటే బాపు కానే కాదు. బాపు పళ్ళు అంత గట్టియి కావు."

"నా గారెలను అనకు మల్ల."

"అంటా. నీ గారెలు, నీ ఆచారం, నీ చుట్టు తిరుగుడు. విస్తరి వదిలిపెట్టి పోదామన్నది ఎవడు?"

ఇంకా ఏమేమో తిట్టాను. తిట్లు అయిపోయాక కమాను కింద కూలబడ్డాను. మూడు రోజులుగా ఒక్క విస్తరి కోసం తిరిగి, అదీ మేక పాలు చేశాను. అక్కడ అవ్వ పొద్దుటి నుంచి ఖాళీ కడుపుతో కూర్చుని ఉంది. బతికున్నప్పుడు ఆ మనిషికి నేను ఒక పూట పెట్టింది లేదు, చనిపోయాక కూడా పెట్టడం చేతకాలేదు. ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు.

ఫజల్ చాచా నా పక్కన కూర్చున్నాడు. "ఒగటి అడుగుతా, తప్పనుకోవద్దు. మీ ఆచారం నాకు తెలీదు. గంగన్నను ఒక్కణ్ణే ఇడిసిపెట్టి ఏంటికి పోయినాం?"

"పెద్దలు తినేటప్పుడు..."

"ఆ పెద్దల సంగతి నాకొద్దు. గంగన్న సంగతి చెప్తాండా. పదహారేండ్లలో ఆ మనిషి ఒక్కడే కూసొని తినింది నేను సూడలేదు. ఈ కమాను కింద గిన్నె మూత తీసి దారెంట ఎవరొస్తారా అని సూస్తాండె. పాకిస్తానీ పోతే పాకిస్తానీని, అరబ్బు పోతే అరబ్బును. రాండ్రి తిందాం, అని తెలుగులోనే పిలుస్తాండె. అర్థం కాకపోతే చెయ్యి పట్టి లాక్కొచ్చేవాడు. ఎవరూ దొరకని రోజు దుకాణం దాకా గిన్నె మోసుకొని నా దగ్గరికి వచ్చాండె. ఏం గంగన్నా, ఆకలైతే తినేయరాదా అంటే, ఒక్కణ్ణే తింటే ముద్ద గొంతు దిగదు ఫజలూ, అనేవాడు."

"ఇంట్ల ఎప్పుడూ ఒక్కడే తినేటోడు" అన్నాను.

"అవును. అదీ చెప్పినాడు. ఇంటికి పోతే నన్ను పీట మీద కూసోబెట్టి అందరూ పక్కకు పోతారు, పెద్ద మర్యాద చేస్తారు, అన్యాడు. కొడుకును పిలిస్తే బయటికి ఉరుకుతాడు, అన్యాడు."

ఉరికింది నేనే. నాకు తొమ్మిదేళ్ళు. ఆయన కంచంలో ముద్ద కలిపి, చెయ్యి చాపి, "రా బిడ్డా, ఒక్క ముద్ద తినిపో" అనేవాడు. ఆ సెంటు వాసన, ఆ మీసం నాకు కొత్త. భయమేసి వాకిట్లోకి ఉరికేవాణ్ణి. ఆయన చెయ్యి అలాగే కాసేపు చాచి ఉంచేవాడు. ఆ సెలవంతా అంతే, తర్వాతి సెలవు అంతే, ఆ తర్వాత ఆయన పిలవడం మానేశాడు. ఇన్నాళ్ళు ఆయన మాకు దూరంగా ఉన్నాడని నేను కోపం పెట్టుకున్నాను. దగ్గరికి పిలిచినప్పుడు ఉరికిన సంగతి మరిచిపోయాను.

ముఖం తుడుచుకుని లేచాను. "లింబా, అందరికీ పెట్టు."

గుడ్డు కూర జోలికి మేక పోలేదు, గిన్నెలో ఇంకా సగం పైనే ఉంది. రొట్టెలు సంచిలో ఉన్నాయి. మిగిలిన సగం విస్తరిని లింబాద్రి సరిచేసి బాపుకు మళ్ళీ వడ్డించాడు. మా ముగ్గురికి మూతల్లో, కాగితాల మీద పెట్టాడు. ఇంకా ఒకరికి మిగిలింది.

"ఇప్పుడు పిలువు, మీ నాయన పిలిచినట్ల" అన్నాడు చాచా.

నాకు ఎవర్నీ పిలిచే అలవాటు లేదు. రూమ్‌లో కూడా గోడ వైపు తిరిగి, ఫోన్ చూసుకుంటూ తినే మనిషిని. సందులో ఒకాయన చెత్త సంచి, చీపురు పట్టుకుని వస్తున్నాడు. బంగ్లాదేశ్ మనిషి, పేరు రహీం అని తర్వాత తెలిసింది. నేను గొంతు సవరించుకుని, "రా, తిందాం" అని గట్టిగా అన్నాను. నా గొంతు ఎప్పుడూ కొట్లాటకే పనికొచ్చింది, అప్పుడూ అలాగే వచ్చింది. తిడుతున్నాననుకుని ఆయన చీపురు చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగాడు. పరుగెత్తి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. ఆయన భయపడ్డాడు. నేను కూర వైపు చూపించాను. అప్పుడు నవ్వాడు.

నలుగురం విస్తరి చుట్టూ కూర్చున్నాం. ఎవరికోసమని రహీం అడిగితే, మా నాన్న కోసం, ఈ గోడ కట్టినాయన అని హిందీలో చెప్పాను. ఆయన గోడను ఒకసారి చూసి, ఒక రొట్టె తుంచి ముందు బాపు విస్తరిలో పెట్టి, తర్వాత తాను తిన్నాడు. ఎవరూ చెప్పకుండానే ఆ పని చేశాడు. నేను బాపు విస్తరి పక్కనే కూర్చుని తిన్నాను. కూరలో ఉప్పు ఎక్కువైంది, అయినా ముద్ద దిగింది.

తిన్న చెయ్యి కడగకుండానే అవ్వకు వీడియో కాల్ చేశాను. అక్కడ నాలుగు కావస్తోంది. యేటా లాగే ఇంట్లోనూ విస్తరి పెట్టి, మూసిన తలుపు ముందు గడప పక్కన కూర్చుని ఉంది, పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"ముట్టిందారా? కాకి ముట్టిందా?"

"మేక ముట్టింది."

"మేకనా?"

"అది ఇడిసిపెట్టు. బాపు తిన్నడు. మేం నలుగురం పక్కన కూసొని తిన్నం." చాచా చెప్పిందంతా చెప్పాను. బోటి సంగతి తప్ప. అది మాత్రం చెప్పొద్దని చాచా పక్కనుంచి చేతులూపుతున్నాడు. అవ్వ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. అది చూసి నాకు బుగులు పుట్టింది.

"నన్ను గూడ పిలిసెటోడురా," అంది చివరికి. "అచ్చినప్పుడల్లా. నువ్వు గూడ కూసో శాంతా అనెటోడు. మీ నాయనమ్మ ఉండె, సిగ్గాయె. ఆమె పోయినంక అలవాటు లేకపాయె. మీరు తినుండ్రి, నేను అందరు తిన్నంక తింట అంటుంటి. ఒక్కపూట గూడ కూసోలే. ఒక్కపూట గూడ."

"ఇప్పుడు కూసో. తలుపు తీసి లోపలికి పో."

"నీకు పిచ్చిలేసిందా? సచ్చిన మొగనితోని కూసొని తింటె నలుగురు ఏమంటరు?"

"నలుగురు ఈడ ఉన్నరు. ఏమనలే."

ఆమె ఇంకా నసుగుతుండగానే వాణి వెనక నుంచి చెయ్యి చాపి తలుపు తోసేసింది. ఫోన్ ఊగింది. లోపల అర్రలో దీపం, విస్తరి, దాని ముందు ఖాళీ పీట కనిపించాయి. అవ్వ గడప దాటి విస్తరికి మూరెడు దూరంలో ఒదిగి కూర్చుంది, కొంగు సవరించుకుంది. వాణి ఆమె ముందు కూడా ఒక విస్తరి వేసి అన్నం పెట్టింది. బోటి కూర గరిటె ఎత్తగానే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకద్దు. నాకు మొదటి సంది అది సైపది. ఆయన పానమని వండిన."

ఫజల్ చాచా కమాను గోడ పట్టుకుని వంగిపోయాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు. నేను మాత్రం రెండూ చేశాను.

అవ్వ పప్పన్నం కలిపి మొదటి ముద్ద చేతిలో పట్టుకుని పక్క విస్తరి వైపు చూసింది. తర్వాత ఫోన్ వైపు తిరిగి, కసురుకుంది.

"ఏం చూస్తున్నవ్ర? ఫోన్ పెట్టెయ్. మేం తింటున్నం."

పెట్టేశాను.